తొమ్మిది జానల మరక

జంతువులు కట్టుకున్న పట్నంలో దిగువ వీధి అని ఒకటుంది. ఎగువ వీధి వాళ్ళు కాలువ పూడ్చి దాని మీద అరుగులు కట్టుకున్నారు. అందుకని మూడు రోజులు వాన పట్టేసరికి నీళ్ళన్నీ దిగువ వీధి ఇళ్ళలోకి వచ్చాయి. నక్క ఇంట్లో పరుపు పాడైంది, గింజలు మొలకెత్తాయి, మట్టిపొయ్యి కరిగిపోయింది. పక్కింటి గాడిదకూ అంతే. రెండిళ్ళకీ మధ్య గోడ ఒక్కటే.

నీళ్ళు తీశాక చాటింపు వేశారు. గోడ మీద బురద మరక ఎన్ని జానల ఎత్తుంటే అన్ని బస్తాల బియ్యం ఇస్తారట.

నక్క తన గోడ కొలుచుకుంది. రెండు జానలు. ఇంత మునిగీ రెండేనా అని దాని మనసు చివుక్కుమంది. తోకను బురదలో ముంచి, పీట ఎక్కి, చూరుకు కాస్త కిందగా నాలుగు గోడలకీ నున్నగా చార గీసింది.

గాడిద గుమ్మంలోంచి తొంగి చూసింది. "ఏం తమ్ముడూ, ఇంటికి రంగులా?"

"నీకూ గీసిపెట్టనా అక్కా? నీ తోక సన్నం, నీ వల్ల కాదు."

"వద్దులే. నీళ్ళు నా మోకాళ్ళు దాటలేదని వీధంతా చూసింది."

"వీధి కొలవదుగా. కొలిచేది కొంగ."

మర్నాడు కొంగ గుమస్తా వచ్చింది. గాడిద ఇంట్లో రెండు జానలు రాసుకుంది. నక్క ఇంట్లో మెడ చాచినా అందక, పీట ఎక్కి కొలిచింది. తొమ్మిది.

"ఒకే గోడకి అటు రెండు, ఇటు తొమ్మిదా?"

"మాది పల్లం అయ్యా. ఎక్కడ చినుకు పడినా నేరుగా మా ఇంటికే వస్తుంది. చూరు పట్టుకుని వేలాడి బతికాను."

కొంగ గాడిద వైపు చూసింది. "వాళ్ళింటి సంగతి వాళ్ళనే అడగండి" అంది గాడిద.

"సరే, నువ్వు చెప్పినట్టే రాశాను. ముద్ర వెయ్యి."

నక్క పంజా ముద్ర వేసింది. తొమ్మిది బస్తాలు దించారు. అప్పుడు కొంగ కాగితం తిప్పింది.

"ఆరు జానలు దాటి మునిగిన ఇల్లు నీటి దారిలో ఉన్నట్టే. వచ్చే వానకి ప్రాణం పోకుండా కూల్చెయ్యమన్నారు. రేపు ఏనుగులొస్తాయి, సామాను సర్దుకో."

నక్క కొంగకి అడ్డుపడింది. "అయ్యా, అన్ని నీళ్ళు రాలేదు. ఆ చార నేనే గీశాను."

"పాపం" అంది కొంగ. "ఇల్లు వదల్లేక అందరూ ఇలాగే అంటారు. పొద్దున ఎలుగుబంటీ ఇదే మాట."

"నా తోక చూడండి, బురద."

"మునిగినవాడికి బురద అంటదా?"

మర్నాడు ఏనుగులొచ్చాయి. మధ్య గోడ గాడిదకి వదిలి, మిగతా మూడూ నెట్టేశాయి. మధ్యాహ్నానికి మబ్బు పట్టింది. నక్క బస్తాల మీద కూర్చుని, "అక్కా, వానొచ్చేలా ఉంది" అంది.

"బియ్యం తడుస్తాయి. ముందు అవి లోపల పెట్టు. చోటు మిగిలితే నువ్వూ రా."

తొమ్మిది బస్తాలూ పెట్టాక చోటు మిగల్లేదు.

నీతి: నష్టాన్ని పెంచి చెప్పినవాడు చివరికి చెప్పినంతా నష్టపోతాడు.