పైకి అన్న పేరు

1959 జనవరి 25, ఆదివారం. నరసాపురం రేవులో ఆ పొద్దున పట్టిన పొగమంచుకు చాచిన చెయ్యి కనిపించలేదు. గాలి లేదు. తేదీ ఇంత బాగా గుర్తుండటానికి కారణం, ఆ ముందురోజే మా ఇంగ్లీషు మాస్టారు వేమకోటి నరహరిరావు గారిని ఒక ప్రశ్న అడగటం. ప్రశ్న నాది, అడిగింది నా స్నేహితుడు పేరిశాస్త్రి. నాకు ఎవరి ముందూ నోరు పెగిలేది కాదు. వాడి గొంతు కాలేజీ గేటు దాకా వినిపించేది.

"మాస్టారూ, లౌడ్లీ అంటే గట్టిగా. అలౌడ్ అన్నా నిఘంటువులో గట్టిగా అనే ఉంది. మరి రెండు మాటలెందుకండీ?"

ఇటువంటి సందేహాలకు మాస్టారు తరగతిలో జవాబు చెప్పేవారు కాదు. "పొద్దున్నే రేవుకు రండి, దారిలో చూద్దాం" అన్నారు. ఆదివారాలు ఆయన భోజనం ఏటి అవతల, చెల్లెలి ఇంట్లో. ఆవిడ చేసే కందబచ్చలి కూర గురించి రాస్తే ఇంకో పేజీ అవుతుంది, వదిలేస్తాను.

మేం వెళ్ళేసరికి రేవంతా గగ్గోలుగా ఉంది. అవతలి ఒడ్డు నుంచి జనంతో బయల్దేరిన లోవరాజు పడవ మంచులో దారి తప్పింది. పోటు తగ్గి పాటు మొదలై నీళ్ళు సముద్రంవైపు లాగేస్తున్నాయి. ఒడ్డున ఉన్నవాళ్ళు తలోచోట నిలబడి "ఇటు! ఇటు!" అని అరుస్తున్నారు. పేరిశాస్త్రి కూడా అందుకున్నాడు. అందరికంటే వాడిదే పెద్ద గొంతు. పడవలోంచి కేకలు ఒకసారి ఎగువనుంచి, ఒకసారి దిగువనుంచి వినిపించాయి. ఏ ఇటు ఎటో వాళ్ళకేం తెలుస్తుంది? కాసేపటికి దిగువనుంచే వినిపించాయి, అదీ సన్నగా.

మాస్టారు గొడుగు కర్రతో మెట్టుమీద కొట్టి, "ఊరుకోండందరూ!" అన్నారు. లోవరాజు భార్య మరిడమ్మ అక్కడే మోకాళ్ళమీద తల పెట్టుకుని కూర్చుంది. "నువ్వు పిలువమ్మా" అన్నారు.

"ఏమని పిలవనండి బాబూ? రోజూ 'ఇదిగో' అంటాను. ఇప్పుడు ఇదిగో అంటే రేవంతా పలుకుద్ది."

"పేరు పెట్టి పిలువు."

జనాభా లెక్కలవాడు వచ్చినా మొగుడి పేరు కొడుకుచేత చెప్పించిన మనిషి ఆమె. పక్కనున్న ముసలమ్మ కసిరింది: "పిలవ్వే మరిడీ! సిగ్గు తర్వాత పడుదువుగానిలే!"

మరిడమ్మ లేచి, పాదాలు నీళ్ళలో తడిసేదాకా దిగింది.

"లోవరాజూ" అంది.

అరవలేదు. పెరట్లోంచి పిలిచినట్టు అంది. మళ్ళీ అంది. ఏటిమీద కేకలు ఠక్కున ఆగిపోయాయి. అంతటి నిశ్శబ్దం నేను గర్భగుడి ముందు కూడా ఎరగను. అరవై ఏళ్ళు దాటినా, రాస్తుంటే ఆ పిలుపు ఇప్పుడూ వినిపిస్తుంది. ఆమె ఒక్కచోటే నిలబడి ఆ పేరే అంటూ ఉంది. కొంతసేపటికి తెడ్డు చప్పుడు, ఆ తర్వాత తెల్లటి మంచులోంచి పడవ ముక్కు, సరిగ్గా ఆమె కాళ్ళ దగ్గరికి.

జనం ఏడుస్తూ దిగారు. లోవరాజు తెడ్డు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. "నా పేరెట్టి పిలిచిందెవరే?"

"నేనే."

"నీకు నా పేరొచ్చా!"

మరిడమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "రాకేం? పెళ్ళైనకాడ్నించీ లోపల అంటానే ఉన్నాను. ఇయ్యాల పైకన్నాను."

మాస్టారు పేరిశాస్త్రి వైపు తిరిగారు. "ఇందాక నువ్వు అరిచావే, అది లౌడ్లీ" అని ఆగారు. రెండో మాట సంగతి ఎత్తలేదు. మంచు విడిచాక అదే పడవెక్కి కందబచ్చలి కూరకు వెళ్ళిపోయారు.

చాలా ఏళ్ళ తర్వాత, పోయేముందు, మాస్టారు తనకున్న నాలుగు వస్తువులూ పంచిపెట్టారు. నిఘంటువు పేరిశాస్త్రికి. వాలుకుర్చీ, చేతిగడియారం చెల్లెలికి. గొడుగు మరిడమ్మకి. నాకేమీ రాలేదు. మంచం పక్కన చాలాసేపు కూర్చుని, లేచి గుమ్మందాకా వెళ్ళి, వెనక్కి తిరిగొచ్చాను.

"నాకేమీ లేదా మాస్టారూ?"

ఆయన కళ్ళు తెరిచి నవ్వారు. "ఇన్నేళ్ళకి పైకి అన్నావు."