ఉక్కుగద్ద ఆఖరి ఆదివారం

అనగనగా ఒక ఊళ్ళో... ఊరంటే ఊరు కాదులే, రైల్వే క్వార్టర్సు. అక్కడ హైమ అని తొమ్మిదేళ్ళ పిల్ల ఉండేది. నవ్వకు, మీ అమ్మే.

క్వార్టర్సు మొత్తానికి ఒకటే టీవీ, గార్డుగారింట్లో. ఆదివారం పొద్దున్న అందులో 'ఉక్కుగద్ద' అని బొమ్మల కథ వచ్చేది. ఒక పిల్ల ఇనప గద్దనెక్కి రాక్షసులతో పోరాడేది. హైమకి అదంటే ప్రాణం. తువ్వాలు మెడకి కట్టుకుని గోడలు దూకేది, మోకాళ్ళు చీరుకునేది.

ఒక ఆదివారం గద్దకి రెక్క విరిగింది. పిల్లతో సహా నిప్పుకొండలోకి పడిపోతోంది. సరిగ్గా అక్కడ ఆపేశారు. మిగతాది వచ్చే వారం, అదే ఆఖరిది. ఆ వారమంతా హైమకి ముద్ద దిగలేదు.

వారం తిరిగింది. మాయదారి గాలి ఆ పొద్దున్నే లేచింది. డాబా మీద యాంటెన్నా తిరిగిపోయి టీవీలో బొమ్మ పోయింది. ఇక ఎవరో ఒకరు పైన దాని గొట్టం పట్టుకుని నిలబడాలి. పట్టుకుంటే బొమ్మ ఉంటుంది, వదిలితే పోతుంది.

అప్పుడు హైమ, దాని నేస్తాలు వసుంధర, మేరీ వంతులేసుకున్నారు.

"ముందు నువ్వెళ్ళవే. పాట అయిపోగానే నేనొస్తా," అంది వసుంధర. దాని తర్వాత మేరీ వంతు. పాటే కదా పోయేది అని హైమ పైకెక్కింది.

గొట్టం తిప్పింది. "వచ్చిందా?"

"రాలేదు."

"ఇప్పుడు?"

"మసగ్గా ఉంది."

"ఇప్పుడో?"

"వచ్చింది, కదలకు."

పాట అయిపోయింది. వసుంధర రాలేదు. ఆ తర్వాత కింద కత్తుల చప్పుడు మొదలైంది. మేరీ కూడా రాలేదు. హైమ పిలిచింది, ఎవరికీ వినపడలేదు. గాలి గొట్టాన్ని గుంజుతోంది. చేతులు లాగేస్తున్నాయి. అప్పుడు కింద చప్పుడంతా ఆగిపోయింది. గద్ద ఏమైందో ఏమో. హైమకి ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. నాకు లేనిది వీళ్ళకెందుకని గొట్టం వదిలేసింది.

కింద గోల లేచింది. అందులో గార్డుగారి మామ్మ గొంతు, "అయ్యో, పిల్ల పడిపోతుంటే బొమ్మ పోయిందర్రా," అంటోంది. గద్ద మీది పిల్ల తన చేతిలోంచే జారినట్టయింది హైమకి. గబుక్కున పట్టుకుంది. ఇక అయిపోయేదాకా వదల్లేదు.

ఆ తర్వాత వాళ్ళిద్దరూ పైకొచ్చారు.

"లేద్దామనే అనుకున్నానే, కాళ్ళు రాలేదు," అంది వసుంధర తల వంచుకుని.

హైమ వాళ్ళ మొహం చూడలేదు. అటు తిరిగే, "బతికిందా?" అంది.

వసుంధర రెండు చేతులూ పైకెత్తి నిప్పుకొండై నించుంది. మేరీ ఒక చెయ్యి చాపి, ఒక చెయ్యి వేలాడేసి డాబా అంతా కుంటుతూ ఎగిరింది. యుద్ధమంతా ఆడి చూపించారు. చివరికి మేరీ హైమ ముందుకొచ్చి వంగింది.

"ఎక్కు. నువ్వెక్కితేనే ఎగురుతుంది."

హైమ ఎక్కింది.

మొన్న నువ్వు ఆ భాగం ఫోనులో వెతికి పెడతానంటే మీ అమ్మ వద్దంది కదూ? ఎందుకే అని అడిగాను. "దాన్నెక్కి ఎగిరినదాన్ని, ఇంకా చూసేదేముంటుందమ్మా," అంది.

కథ పోయె కంచికి, గద్ద పోయె మింటికి, నిద్ర వచ్చె కంటికి, ఇక మనమేమో ఇంటికి.