దివాన్ గారి కర్ర దాచుకున్న నేల

ఇంతసేపు సాగదీశానని తిట్టుకోకు వదినా, అసలు సంగతికొచ్చేశా. నల్లరేగడి చేలో మేడ కట్టమని దివాన్ గారు గోడలు పెట్టే ఓబులమ్మకి హుకుం జారీ చేశాడు.

"ఈ నేల వానకి ఉబ్బుతుంది, ఎండకి నోరు తెరుస్తుంది. గోడ నిలవదు దొరా" అందామె.

"నేల నా మాట వింటుంది. గోడ బీటలిచ్చిందా, నిన్ను ఊళ్లోంచి తరిమేస్తా!"

పాపం ఓబులమ్మ! ఊరొదిలి ఎక్కడికి పోతుంది? అయినా నింపాదిగా అంది, "అలాగైతే మీ వెండిపొన్ను కర్ర ఈ నేలకే అప్పజెప్పండి దొరా. వానలు పడ్డాక మీరడిగితే తిరిగిచ్చిందనుకోండి, మర్నాడే పునాది తీస్తా."

ఆయన నవ్వి, బారెడు లోతున్న నెర్రెలోకి కర్ర జారవిడిచాడు.

నాలుగు వానలు పడ్డాయి. వచ్చి చూస్తే ఏముంది, చేను చేనంతా అతుకు కూడా కనబడకుండా మూసుకుపోయింది! ఎక్కడ వేశాడో ఆయనకే తెలీలేదు. ఊరంతా నోరెళ్లబెట్టింది. ఓబులమ్మైతే వంగి నేలకి దణ్ణం పెట్టింది.

"అడగండి దొరా" అంది మెల్లిగా. "చేతికర్రే తిరిగివ్వని నేల మీ మేడని మోస్తుందా?"

దివాన్ గారు వెనక్కి తిరిగాడు. బురదలో కాళ్లీడ్చుకుంటూ గట్టి ఎర్రనేల దిబ్బ వైపు నడిచి, "ఇక్కడ కట్టు తల్లీ" అని... అయ్యో, మా ఆయన కేకేస్తున్నారు వదినా. ఆఁ, వస్తున్నానండీ!