మట్టి నోరు తెరిచిన శుక్రవారం

ఒకప్పుడు బంకమట్టి ఎంత ఎండినా పగిలేది కాదు. పలకలా నున్నగా ఉండేది.

ఆ రోజుల్లో ఒక ఏటి ఒడ్డున యూదుల వాడ ఉండేది. వాళ్ల గురువు రబ్బీ ఎఫ్రాయిం ఏటి మట్టితో నిలువెత్తు మనిషిని చేశాడు. దేవుడి పేరు రాసిన చీటీ వాడి నాలుక కింద పెట్టాడు. అంతే, మట్టిమనిషి లేచి నిలబడ్డాడు. అందరూ వాణ్ణి గోలెం అన్నారు. ఇంటింటికీ నీళ్లు మోసేవాడు, కట్టెలు కొట్టేవాడు. మాట మాత్రం రాదు.

రొట్టెలు కాల్చే జెల్డాకి వాడంటే మొదటినుంచీ అనుమానమే. ఆవిడకి ఎవరి మీద లేదు గనక. తన నీడ తన వెనకాల ఎందుకొస్తోందని తిరిగి తిరిగి చూసుకునే మనిషి.

"తినడు, పడుకోడు, నోరు విప్పడు. వాడి మనసులో ఏముందో ఎవరికి తెలుసు?" అనేది.

శనివారం వాళ్లకి విశ్రాంతి దినం. అందుకని శుక్రవారమే జడలా అల్లిన రొట్టెలు కాల్చుకుంటారు. ముందుగా పిండిలోంచి చిన్న ముద్ద తీసి దేవుడి పేర నిప్పులో వేస్తారు. దాన్ని ఎవరూ తినకూడదు.

ఆ శుక్రవారం జెల్డా ముద్ద తీసి పళ్లెంలో పెట్టింది. అంతలో గోలెం కట్టెలు తెచ్చి పొయ్యి పక్కన దించాడు. ఆవిడ చూపంతా వాడి చేతుల మీదే. వాడు గడప దాటాక చూస్తే పళ్లెంలో ముద్ద లేదు.

"దేవుడి ముద్ద మింగేశాడు," అని జెల్డా వీధంతా చాటింది. వాణ్ణి రబ్బీ ముందు నిలబెట్టింది. "గురువుగారూ, ఈ దొంగని ఉంచకండి. చీటీ లాగేసి మట్టిలో కలిపేయండి."

రబ్బీకి మనసొప్పలేదు. "నువ్వు తీశావా నాయనా?" అన్నాడు.

గోలెం తల అడ్డంగా ఊపాడు.

"తల ఎవరైనా ఊపుతారు. నోటితో చెప్పమనండి," అంది జెల్డా.

గోలెం జరిగిందంతా చూశాడు. చెప్పాలని ప్రాణం కొట్టుకుంది. పుట్టాక మొదటిసారి నోరు బార్లా తెరిచాడు. మాట రాలేదు. నాలుక కింది చీటీ జారి పడిపోయింది. నిలబడ్డవాడు నిలబడ్డట్టే గోలెం ఉత్త మట్టయిపోయాడు.

జెల్డా ఇంటికొచ్చి పొయ్యి ఎగదోసింది.

"ఆ ముద్ద నేను తిన్నాను," అంది నిప్పు. "నువ్వే వేశావు. కళ్లు వాడి మీద, చెయ్యి నా మీద."

"మరి చెప్పవేం?"

"నన్నెవరడిగారు?"

జెల్డా పరుగెత్తుకెళ్లి మట్టి పాదాలు పట్టుకుని భోరుమంది. రబ్బీ చీటీ మళ్లీ పెట్టి చూశాడు. ఎండిపోయిన నోట్లో అది నిలవలేదు. చివరికి ఆ మట్టిని ఏటి ఒడ్డునే కలిపారు. అక్కణ్ణుంచి ఆ సంగతి ఊరూరి మట్టికీ తెలిసిపోయింది.

అప్పటినుంచే తడి ఆరగానే బంకమట్టి ఎక్కడికక్కడ నోళ్లు తెరుస్తుంది. నేను తీయలేదని చెప్పబోతుంది. మాట ఈనాటికీ రాదు.