మడిపసుపు

"పద్ధతి తప్పి చేసిన పని ఫలిస్తుందా, గురువుగారూ?" అని మాధవశర్మ ఒకనాటి ఉదయం జీపులో అడిగాడు. అతను పౌరోహిత్యం నేర్చుకుంటున్న శిష్యుడు. మంచివాడే, కాని పద్ధతి అంటే ప్రాణం పెడతాడు. దర్భ కొస కాస్త అటు తిరిగినా ఆ పూట అతనికి అన్నం సహించదు. గురువు చిదంబర ఘనపాఠిగారు ఏ ప్రశ్నకూ వెంటనే జవాబివ్వరు. "చూద్దాం" అన్నారు, నల్లమల కొండలవైపు చూస్తూ.

ఎంతోసేపు చూడనక్కరలేకపోయింది. ఘాట్ మలుపులో జీపు పొగలు కక్కుతూ ఆగిపోయింది. డ్రైవర్ దస్తగిరి బానెట్ ఎత్తి, రేడియేటర్‌కు చిల్లి పడిందని, పోసిన నీళ్ళు పోసినట్టే కారిపోతున్నాయని చెప్పాడు. ముందు సీట్లో ఉన్న ఓబులేసు గబుక్కున కిందికి దూకాడు. ఆ రోజు పెళ్ళి అతని కూతురిదే. పురోహితులను తీసుకుపోవడానికి తానే స్వయంగా వచ్చాడు. పెళ్ళికొడుకు సిపాయి, మర్నాడే రైలెక్కాలి. ఆపైన మూఢం. ఈ ముహూర్తం తప్పితే ఆ పిల్ల మెడలో తాళి ఎప్పుడు పడుతుందో ఎవరూ చెప్పలేరు. పాపం, రోడ్డు మధ్యన నిలబడి, లేని బస్సు కోసం ఎదురు చూడసాగాడు.

దస్తగిరి తల గోక్కుని, "సామీ, మీ సంచిలో పసుపు ఉండాదా? రేడియేటర్లో పోస్తే చిల్లి పూడుకుంటాది. మా నాయన కాలం నుంచీ ఇదే వైద్యం" అన్నాడు.

పసుపు ఉంది. అయితే అది మాధవశర్మ మడి కట్టుకుని తన చేత్తో దంచి, గుడ్డలో జల్లించిన పసుపు. అతను సంచిని గుండెకు హత్తుకున్నాడు.

"ఇది వినాయకుణ్ణి చేసే పసుపు. ఇంజన్లో పోస్తే పూజ దేంతో చేయను? విఘ్నేశ్వర పూజ సరిగా చేయకపోతే విఘ్నాలు వస్తాయి."

"ఇంతకన్నా ఏం రావాల సామీ?" అన్నాడు దస్తగిరి.

ఘనపాఠిగారు నవ్వలేదు. శిష్యుడి దగ్గర సంచి తీసుకుని, పొట్లం విప్పి దస్తగిరికి అందించారు. అతను చెప్పులు విడిచి, రెండు చేతులా పట్టుకున్నాడు. ఇంజన్ చల్లారాక ఆ పసుపునూ, అందరి సీసాల్లోని తాగేనీళ్ళనూ లోపల పోశాడు. కాసేపు పసుపు చుక్కలు రాలాయి; చుక్కకూ చుక్కకూ ఎడం పెరిగింది; ఆగిపోయాయి. ఓబులేసు కళ్ళు తుడుచుకుంటూనే నవ్వాడు. జీపు కదిలింది. మాధవశర్మ ఒక్కడు మాత్రం పెళ్ళికి కాక పరామర్శకు వెళుతున్నట్టు కూచున్నాడు.

ముహూర్తానికి ముందే చేరారు. పెళ్ళివారు అంగడి పసుపు పొట్లం తెచ్చి ఇస్తే, మాధవశర్మ ముఖం చిట్లించుకుంటూ ముద్ద చేసి తమలపాకు మీద నిలబెట్టాడు. విఘ్నేశ్వర పూజ నిర్విఘ్నంగానే ముగిసింది. అటు పెళ్ళికూతురు తెర వెనక వచ్చి కూచుంది. ఇక తంతు ప్రకారం, వెళ్ళిరమ్మని స్వామికి మంత్రం చెప్పి ఆ పసుపు ముద్దను కాస్త కదపాలి. ఉద్వాసన అంటే అదే.

మాధవశర్మ గురువుగారి చెవి దగ్గరకు వంగి, "గణపతికి ఉద్వాసన చెప్పమంటారా?" అని అడిగాడు.

ఘనపాఠిగారు పందిరి బయటకు ఒకసారి చూశారు.

"ఈయనకు చెప్పు నాయనా. జీపులో ఉన్నాయనకు మాత్రం చెప్పకు, సాయంత్రం మనం ఇల్లు చేరాలి."