గోడ అవతలి పొయ్యి

కోనమ్మవ్వను ఎవరు ఏ ప్రశ్న అడిగినా, ఆమె ముందుగా అడిగినవాడి చేతులవైపు చూస్తుంది. చేతులు ఖాళీగా కనిపించాయా, ఇక ఆ మనిషి చిక్కినట్టే. ఆత్మ అంటే ఏమిటని అడిగిన రిటైర్డు హెడ్మాస్టరు ఒకాయన వారం పాటు చింతపండు గింజలు తీస్తూ కూర్చున్నాడు. మోక్షం సంగతి కనుక్కుందామని కారులో వచ్చిన దంపతులు పెరట్లో కలుపు తీసి, నడుములు పట్టుకుని వెళ్ళిపోయారు. జవాబు దొరికిందా అని అడిగితే కొందరు నవ్వేవారు, కొందరు మళ్ళీ ఆ వైపు రాలేదు. ఎర్రకొండ కింద ఉన్న ఆ చిన్న ఆశ్రమంలో ఉపన్యాసాలు లేవు, మైకు లేదు. నాలుగు గదులు, ఒక వంటిల్లు, చుట్టూ ఛాతీ ఎత్తు రాతిగోడ, ఆ గోడ లోపల నీచు వండకూడదన్న ఒక నియమం, అంతే.

ఓబులేసు మాత్రం ఆత్మ గురించి అడగలేదు. "అవ్వా, నాకీ కోపం పూర్తిగా పోయేదెప్పుడు?" అన్నాడు.

అతను ఊళ్ళో పిండిమర నడిపేవాడు. మర హోరులో అరిచి అరిచి అలవాటైపోయిందిలే అని మొదట్లో అందరూ సరిపెట్టుకున్నారు. తర్వాత మర ఆగిపోయినా అరుపు ఆగేది కాదు. ఒకరోజు కూరలో ఉప్పు ఎక్కువైందని అన్నం కంచం ఎత్తి గోడకేసి కొట్టాడు. కంచం ఎవరికీ తగల్లేదు. కానీ ఆరేళ్ళ కూతురు హారిక పరుగెత్తి వెళ్ళి జొన్న బస్తాల వెనక దాక్కుంది. అతను ఎంత పిలిచినా రాలేదు. తల్లి నాగవేణి పిలిస్తేనే వచ్చింది. వచ్చి, తండ్రివైపు చూడకుండా తల్లి కొంగు పట్టుకుని నిలబడింది. ఆ బిడ్డ తనవైపు చూడకపోవడం అతన్ని లోపల కోసేసింది. మర్నాడే మర తాళాలు భార్య చేతిలో పెట్టి, కోపం పూర్తిగా పోయినాకే ఇంటి గడప తొక్కుతానని ఒట్టేసుకుని ఆశ్రమానికి వచ్చేశాడు. రజోగుణం పెంచుతుందని మాంసం మానేశాడు. ఉల్లి, వెల్లుల్లి మానేశాడు. పచ్చిమిరపకాయ కూడా మానేశాడు గాని, దానికోసం అతని నాలుక ఇంకా ఏడుస్తూనే ఉంది.

అవ్వ అతని చేతులవైపు చూసింది. తన మంచం కిందకి వంగి ఒక పిల్లిని బయటికి తీసి, ఆ చేతుల్లో పెట్టింది.

"దీన్ని చూసుకో నాయనా," అంది.

బూడిద రంగు పిల్లి కాబట్టి దానికి విభూతి అని పేరు పెట్టారు. పేరు పవిత్రమైనదే. కడుపు మాత్రం ఎప్పుడు జారుతుందో ఎవరికీ తెలియదు. తిన్నదాంట్లో సగం కక్కేది, మిగతా సగం నీళ్ళలా పోయేది. వెన్నెముక చేతికి గరుగ్గా తగిలేంత చిక్కిపోయింది. తోక కింద వెంట్రుకలు ఎప్పుడూ తడిసి అంటుకుపోయి ఉండేవి. వచ్చిన భక్తులందరూ దాని అవతారం చూసి జాలిపడి పాలు పోసేవారు. సాయంత్రమయ్యేసరికి ఏదో ఒక గది మూల నుంచి కంపు మొదలయ్యేది. వంటచేసే మస్తానమ్మ "ఈ పిల్లి నా పానానికొచ్చింది" అని తిడుతూనే గుడ్డ తడిపి తుడిచేది.

తను అడిగిందేమిటి, ఈమె చేతిలో పెట్టిందేమిటి అని ఓబులేసు చాలా నొచ్చుకున్నాడు. అయినా గురువు మాట కాబట్టి విభూతిని బుట్టలో పెట్టుకుని పశువుల ఆసుపత్రికి వెళ్ళాడు. డాక్టరమ్మ పిల్లి పొట్ట నొక్కి చూసింది, కళ్ళు చూసింది, చాలా ప్రశ్నలు అడిగింది.

"పేగుల్లో వాపు ఉంది. పాతబడిన జబ్బు. పూర్తిగా పోతుందని నేను చెప్పలేను. చూసుకుంటే మాత్రం బాగానే బతుకుతుంది," అంది. "పాలు, పెరుగు, అన్నం ఏవీ పెట్టొద్దు. ఉప్పూ కారం లేకుండా ఉడకబెట్టిన కోడిమాంసం, అదీ కొంచెం కొంచెంగా పెట్టాలి. పొద్దున్నే మాత్ర వేయాలి. వారం వారం తీసుకొస్తే సూది వేస్తాను."

"అమ్మా, మాది ఆశ్రమం. మేము నీచు ముట్టం."

"మీరు ముట్టకండి. అది పిల్లి కదా," అంది డాక్టరమ్మ, తరువాతి మేకను పిలుస్తూ.

ఈ మాట చెబితే అవ్వ తనను ఈ పని నుంచి వదిలేస్తుందని ఓబులేసు ఆశపడ్డాడు. అవ్వ శ్రద్ధగా విని, "గోడ లోపల గదా వద్దనింది? గోడ అవతల ఏముండాది?" అని అడిగింది.

"కంపచెట్లు అవ్వా."

"ఇంకేం, పొయ్యిలోకి కట్టెలు కూడా ఆడే ఉండాయి."

అలా గోడ అవతల మూడు రాళ్ళ పొయ్యి వెలిసింది. మస్తానమ్మ అడుగు మాడిన పాత గిన్నె ఒకటి దానం చేసింది. కోపం తగ్గాలని కోడిని మానేసిన మనిషి, ప్రతిరోజూ కోడిని ఉడకబెట్టాల్సి వచ్చింది. మొదటిరోజు ఆ ఆవిరికి అతని నోట్లో నీళ్ళూరాయి. దానికి తన మీద తనకే కోపం వచ్చి, పొయ్యి దగ్గరే కూర్చుని లెంపలేసుకున్నాడు. గోడ మీద గడ్డం ఆనించి చూస్తున్న మస్తానమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది.

పిల్లికి మాత్ర వేయడం ఎంత విద్యో వేసినవాళ్ళకే తెలుస్తుంది. ఓబులేసు మోచేతుల దాకా గీరించుకున్నాక, దాన్ని తువ్వాలులో చుట్టి, దవడ పక్క నుంచి వేలు పెట్టి నోరు తెరిపించడం నేర్చుకున్నాడు. మింగినట్టే మింగి, అతను అటు తిరగగానే మంచం కింద ఉమ్మేసేది. మళ్ళీ పట్టుకునేవాడు. భక్తులు పాలు తెస్తే చేతులు జోడించి వెనక్కి పంపేవాడు. ఒక పెద్దావిడ, "నోరులేని జీవం కడుపు మాడుస్తాండావు, నీకేం పుణ్యమొస్తాది?" అని మొహం మీదే అడిగింది. అతను తలవంచుకుని విన్నాడు.

తెల్లవారగానే ఆశ్రమంలో మిగతావాళ్ళు దేవుడి పటానికి దణ్ణం పెట్టుకుంటుంటే, ఓబులేసు పాత గంపలో పోసిన ఇసుక ముందు గొంతుక్కూర్చునేవాడు. గట్టిగా ఉంటే ఆరోజంతా అతని మొహం వెలిగిపోయేది. పలుచగా ఉంటే, నిన్న ఏం పెట్టాను, ఎంత పెట్టాను అని తలపట్టుకునేవాడు. పిండి ఎలా వచ్చిందో వేళ్ళ మధ్య నలిపి చూసే మనిషి కదా, ఆ చూపు ఇప్పుడు ఇక్కడ పనికొచ్చింది. పిల్లి అలిసిపోయి ఒళ్ళో పడుకున్నప్పుడు దాని పొట్టలో గుడగుడ వినబడుతుంటే, అరచెయ్యి దాని మీద వేసి కదలకుండా కూర్చునేవాడు. అప్పుడతనికి హారిక జ్వరం వచ్చి పడుకున్న రోజులు గుర్తొచ్చేవి. బిడ్డను చూడాలని ప్రాణం కొట్టుకుపోయేది.

నాగవేణి అప్పుడప్పుడు ఫోను చేసేది. "పాప అడుగుతాండాది, నాయన ఎప్పుడొస్తాడని. ఏం చెప్పమంటావు?"

"కోపం పూర్తిగా పోయినాకే వస్తానని చెప్పు."

"అంతలోకి దాని పెండ్లి కూడా అయిపోతాది," అని ఆమె ఫోను పెట్టేసింది. వెనకనుంచి మర హోరు వినిపించింది. మర ఆమె ఒక్కతే నడుపుకుంటోందని అతనికి తెలుసు.

చలికాలం గడిచేసరికి విభూతికి ఒళ్ళు వచ్చింది. బొచ్చు మెరిసింది. వాంతులు లేవు, ఇసుక గంపలో వంక పెట్టడానికి ఏమీ లేదు. పెరట్లో తొండల వెంట పడటం మొదలుపెట్టింది. ఓబులేసుకు కూడా ఇన్నాళ్ళలో గొంతు లేచింది లేదు. రెండూ కలిపి చూసుకుని, ఇద్దరికీ నయమైపోయిందని అతను నిశ్చయించుకున్నాడు. మాఘ పౌర్ణమి మర్నాడు సాయంత్రం బస్సుకి వస్తున్నానని నాగవేణికి చెప్పాడు. తెల్ల పంచె ఒకటి ఉతికి, గంజి పెట్టి, మడతపెట్టి మంచం మీద పెట్టుకున్నాడు.

పౌర్ణమి నాడు మస్తానమ్మ పాలపొంగలి వండింది. నైవేద్యం పెట్టి అందరికీ ఆకుల్లో వడ్డించింది. విభూతి వచ్చి ఓబులేసు మోకాలికి తల రుద్దింది. అతనికి దాని మీద ప్రేమ పొంగింది. ఆశ్రమంలో పుట్టిన పిల్లివి, బాగైపోయినావు, ఇంకా నీకీ గోడ అవతలి కూడు ఎందుకే అనుకుని, తన ఆకులోంచి పొంగలి తీసి చల్లార్చి పెట్టాడు. అది నాకి నాకి తింది. మళ్ళీ పెట్టాడు. ఆ పూట గోడ అవతల పొయ్యి వెలిగించలేదు.

మర్నాడు పొద్దున అతను బావి దగ్గర స్నానం చేసి వచ్చేసరికి గది గుమ్మంలోనే కంపు కొట్టింది. విభూతి మంచం మీద ఉంది. మడతపెట్టిన తెల్ల పంచె నిండా పచ్చగా, జిగటగా, అక్కడక్కడా ఎర్రటి చారలు. కక్కింది తలగడ మీద ఉంది.

ఓబులేసుకు కళ్ళు బైర్లు కమ్మాయి. వంటింటి వైపు ఉరికాడు. "పాలు పోసింది నువ్వే గదా! చెప్తే బుద్ధి లేదా నీకు? ఎన్నిసార్లు చెప్పాల?" అని మర హోరును మించిపోయేలా అరిచాడు. చేతికందిన ఇత్తడి చెంబు తీసి గోడకేసి కొట్టాడు. చెంబు ఖంగున మోగి, దొర్లుకుంటూ గుమ్మం దాకా పోయింది.

మస్తానమ్మ గరిటె పట్టుకుని అలాగే నిలబడింది. "నేను పొయ్యలేదు నాయనా. నిన్న పొంగలి పెట్టింది నువ్వే గదా," అంది.

అప్పుడు అతను చూశాడు. అతని వెనకే వంటింట్లోకి వచ్చిన విభూతి చెంబు చప్పుడుకి హడలిపోయి కట్టెల మోపు వెనక దూరింది. సందులోంచి దాని కళ్ళు మాత్రం కనిపిస్తున్నాయి. ఆ రోజు జొన్న బస్తాల వెనక కూర్చున్న హారిక కళ్ళూ ఇలాగే ఉన్నాయి.

ఓబులేసు అక్కడే కూలబడ్డాడు. ఏడ్చాడు. ఇన్నాళ్ళు మిరపకాయ మానేసిందీ, పెద్దావిడ మాటలు పడిందీ అంతా బూడిదలో పోసినట్టయిందని ఏడ్చాడు. ఫోను తీసి, "నేను రాలేను నాగవేణీ, నాలో అది అట్లే ఉండాది," అని రెండు మాటలు చెప్పి, ఆమె ఏదో అంటున్నా వినకుండా పెట్టేశాడు.

కానీ కట్టెల వెనక పిల్లి ఉంది. దాని ఒళ్ళంతా ఖరాబై ఉంది. దాన్ని అలా వదిలేయడం అతనివల్ల కాలేదు. చాలాసేపు నేల మీద చెయ్యి చాచి, గొంతు తగ్గించి, "రా తల్లీ, రా," అని పిలిచాడు. చాలాసేపటికి అది వచ్చింది. గోరువెచ్చని నీళ్ళతో తోక కింద కడిగాడు, గుడ్డతో ఒత్తాడు. డాక్టరమ్మకు ఫోను చేసి అడిగాడు. ఆమె చెప్పిన మాత్ర వేశాడు. గోడ దాటి పొయ్యి వెలిగించాడు.

గిన్నె ఉడుకుతుండగా అవ్వ కర్ర పొడుచుకుంటూ వచ్చి పక్కన రాయి మీద కూర్చుంది.

"మళ్ళా ఎందుకొచ్చె దానికి?"

"నేనే తెప్పించినా అవ్వా. బాగైపాయ అనుకుంటిని."

"దీన్నేమన్నా తిడితివా?"

"దాన్నెందుకు తిడతా?"

"మళ్ళా మొదటికొచ్చింది గదా. యాడన్నా వదిలిపెట్టి రాకపోతివా?"

ఓబులేసు తల ఎత్తి ఆమె వైపు చూశాడు. ఆ మాటకు అతనికి నిజంగానే బాధ కలిగింది. "అట్ల ఎట్ల వదిలేస్తా అవ్వా? దానికి నేను గాక ఎవరుండారు?"

అవ్వ "బస్సు ఎన్ని గంటలకు?" అని అడిగింది.

అతను గిన్నె దింపాడు. ఒక ముక్క తీసి చల్లార్చి, నార నారగా చీల్చి విభూతి ముందు పెట్టాడు. అది వాసన చూసి, కొంచెం తిని, అతని పాదం మీద గడ్డం ఆనించి పడుకుంది. తర్వాత అతను లేచి వంటింట్లోకి వెళ్ళి, చెంబు తీసుకుని మస్తానమ్మ ముందు నిలబడ్డాడు. తప్పయిందన్నాడు. ఆమె కాసేపు అతనివైపు చూడకుండా పప్పు రుబ్బుకుంది. "పొయ్యేముందు ఆ అంట్లన్నీ తోమి పో," అంది చివరికి.

అంట్లు తోమాక, తడి చేతులతోనే నాగవేణికి ఫోను చేశాడు. "వస్తాండా. కోపం పోలేదు. పొద్దున్న కూడా వచ్చింది. ఇంగ వస్తే గోడ అవతలికి పోతా, పాప ముందర అరవను. నాతో ఒక పిల్లి కూడా వస్తాండాది. దానికి కడుపు బాగలేదు."

అవతల మర ఆగిన చప్పుడు. "పాపను భయపెడితే మాత్రం నేను ఊరుకోను," అంది నాగవేణి. ఆ వెంటనే, "పిల్లి పెద్దదా, చిన్నదా అని అడుగుతాండాది హారిక," అంది.

సాయంత్రం విభూతిని బుట్టలో పెట్టుకుని, ఒంటి మీదున్న మాసిన పంచెతోనే అవ్వ కాళ్ళకు దణ్ణం పెట్టాడు. లేచాక కూడా కదలకుండా నిలబడ్డాడు. వచ్చిన రోజు అడిగిన ప్రశ్న ఇంకా నోట్లోనే ఉంది.

"అవ్వా, కోపం పూర్తిగా పోయేదెప్పుడో మాత్రం చెప్పకపోతివి."

అవ్వ అతని చేతులవైపు చూసింది. ఈసారి అవి ఖాళీగా లేవు. ఆమె వంగి బుట్ట మూతను కొంచెం పక్కకు జరిపింది.

"గట్టిగా మూయొద్దు, ఊపిరాడదు. పొద్దున్నే లేచి చూసుకో నాయనా, రెండింటినీ."