ఆరుగురి బల్ల

విరూపాక్షం మాస్టారు ఏ ప్రశ్నకీ సూటిగా జవాబు చెప్పిన రోజు లేదు. కాకినాడ కాలేజీలో ముప్పై నాలుగేళ్లు ఎకనామిక్స్ చెప్పారు కదా, ధరలెందుకు పెరుగుతాయండీ అని అడిగినా సరే, ముందు చేతిలో ఉన్న కాఫీ గ్లాసు ఖాళీ చేసి, దాన్ని కిటికీ గూట్లో పెట్టి, "మా పేటలో ఒకాయన ఉండేవాడు" అనే మొదలుపెట్టేవారు. కుర్రాళ్లు నవ్వుకునేవాళ్లు. అలా నవ్వుకున్నవాళ్లే నలభై, యాభై ఏళ్లొచ్చాక, ఉద్యోగంలో ఎటూ తేలని విషయం ఎదురైతే రైలెక్కి వచ్చి ఆయన వరండాలో కూర్చునేవాళ్లు.

ఆ శుక్రవారం పొద్దున అలా వచ్చింది హేమనళిని. యాభై రెండేళ్ల మనిషి. ఢిల్లీలో ఆర్థిక శాఖలో పెద్ద హోదా, గుమ్మం ముందు ప్రభుత్వం కారు. మాస్టారికి మాత్రం ఆవిడ ఇంకా రెండో బెంచీలో కూర్చుని చెయ్యెత్తే హేమే.

"భోంచేసే వెళ్తావుగా?" అన్నారు మాస్టారు.

"సాయంత్రం ఫ్లైటు మాస్టారూ. సోమవారంలోగా ఒకటి రాసి పంపాలి. అది తేలక వచ్చాను."

సంగతి ఇది. మన దేశం ముందు నిలబడి, ఇంకో నాలుగు దేశాల్ని కలుపుకుని కొత్తగా ఒక బ్యాంకు పెడుతోంది. రోడ్లకీ, నీళ్లకీ, కరెంటుకీ డబ్బు కావాల్సిన చిన్న దేశాలు ఇక పాత పెద్ద సంస్థల గడపల దగ్గర పడిగాపులు పడక్కర్లేదు, మన దగ్గరికి రావచ్చు. ఆ బ్యాంకు నియమావళి రాసే పని హేమనళినికి అప్పజెప్పారు. అంతా రాసేసింది. ఒక్క చోట ఆగిపోయింది. ఎవరి మాట ఎంత చెల్లాలి అన్న చోట. పైవాళ్లు స్పష్టంగానే చెప్పారు, అధ్యక్షుడి కుర్చీ ఎప్పటికీ మనకే ఉండాలని, మనం వద్దంటే ఏ పనైనా ఆగిపోవాలని. ఆవిడ అలా రాయకపోతే ఇంకొకరి చేత రాయిస్తారు. ఆవిణ్ణి పక్కన పెడతారు.

అసలు చిక్కు అది కూడా కాదు. అలా రాయాలని ఆవిడకీ ఉంది. అదే ఆవిడ నిద్ర చెడగొడుతోంది.

"పంతొమ్మిదేళ్ల కిందట ఆ పాత సంస్థల్లో ఒకదాని భవనంలో, అద్దాల తలుపు బయట, మూడు ఫైళ్లు పట్టుకుని నాలుగు గంటలు నిలబడ్డాను మాస్టారూ," అంది. "లోపల మన రైతుల ఎరువుల గురించి మాట్లాడుతున్నారు. మనవాళ్లు ఏం తినాలో, ఎంత తినాలో తేలుస్తున్నారు. అద్దంలోంచి అన్నీ కనబడతాయి, ఏమీ వినబడదు. అప్పటి నుంచీ ఒకటే కోరిక. అలాంటి గదిలో మనకో కుర్చీ. ఎన్నిసార్లు అడిగినా ఇవ్వలేదు. ఇప్పుడు మనది మనం కట్టుకుంటే తప్పా? కట్టుకున్నాక పెద్ద కుర్చీలో మనమే కూర్చుంటే తప్పా?"

మాస్టారు కాఫీ పూర్తి చేశారు. గ్లాసు గూట్లో పెట్టారు.

"మా పేటలో గవర్రాజు అని ఒకాయన ఉండేవాడు," అన్నారు.

లోపలి నుంచి ఆయన భార్య సుభద్రమ్మగారు, "హేమా, నీ ఫ్లైటు వెళ్లిపోతుందే. పేట మొదలైంది," అంది.

మాస్టారి సొంతూరు వేట్లమెరక. అక్కడ పేట అంటే నేతవాళ్లు, అద్దకంవాళ్లు, వడ్రంగులు కలిసి ఉండే రెండు వీధులు. పెద్ద గాలివాన వచ్చిన ఏడాది చాలామంది ఇళ్లు లేచిపోయాయి, వాళ్లకి వండుకోవడానికి గిన్నె మిగల్లేదు. అప్పుడు కాస్త కలిగిన ఆరు కుటుంబాలవాళ్లు తమ ఇళ్లలో మిగిలిన రాగీ ఇత్తడీ పోగేసి, పేట సత్రంలో పెళ్లి సామాను పెట్టారు. గంగాళాలు, గుండిగలు, బూరెలు వేయించే పెద్ద మూకుళ్లు. పేటలో ఎవరింట శుభకార్యమైనా ఊరికే పట్టుకెళ్లొచ్చు. మంచి పనే. మాస్టారు ఆ మాట రెండుసార్లు అన్నారు, మంచి పనే అని.

సత్రం వసారాలో టేకు బల్ల ఒకటి వేయించారు, సరిగ్గా ఆరుగురు కూర్చునేలా. సామాను కావాల్సినవాడు వెళ్లి ఆ బల్ల ముందు నిలబడాలి. ఎన్ని విస్తళ్లు లేస్తాయి, మగపెళ్లివారు ఎంతమంది, ఎన్ని స్వీట్లు చేయిస్తున్నావు అని అడిగేవాళ్లు. అడిగి, వాళ్లే తేల్చేవాళ్లు. "నీ తాహతుకి బూరెలెందుకురా, బూందీ చాలు. రేపు తిప్పలు పడేది నువ్వే కదా" అనేవాళ్లు. అని, మూకుడు ఇచ్చేవాళ్లు కాదు. మూకుడు లేకుండా ఐదొందల మందికి బూరెలెలా వేస్తాడు? బల్ల మీద కూర్చునేవాళ్ల ఇళ్లలో పెళ్లయితే మాత్రం ఎవరూ ఎవర్నీ ఏమీ అడిగేవాళ్లు కాదు.

"ఈ బల్ల నేను చూశాను మాస్టారూ," అంది హేమనళిని నవ్వుతూ. "దానికి అద్దాల తలుపులుంటాయి, అంతే తేడా."

మాస్టారు నవ్వలేదు. చెప్పుకుంటూ పోయారు.

గవర్రాజు తండ్రి అద్దకం పనివాడు, చేతులెప్పుడూ మోచేతుల దాకా నీలంగా ఉండేవి. కొడుకు పెళ్లికి సామాను అడగడానికి వెళ్లి, భుజం మీద తువ్వాలు తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. "బూరెలంటే మావాడికి ప్రాణం బాబూ" అన్నాడు. బూందీ చాలన్నారు. సామాను ఎత్తుకెళ్లడానికి తెచ్చిన బండి పక్కన నిలబడి గవర్రాజు ఇదంతా చూశాడు. బూందీతోనే పెళ్లి చేసుకున్నాడు. అత్తగారి వైపువాళ్లు చాలాకాలం ఆయన్ని బూందీ అల్లుడు అనేవాళ్లు, వేళాకోళానికే.

ఆ తర్వాత గవర్రాజుకి బాగా కలిసొచ్చింది. పదిహేనేళ్లలో నలభై మగ్గాలు, రెండు లారీలు. ముందు చేసిన పనేంటంటే, మనిషి దూరేంత గంగాళాలు మూడు కొని సత్రానికి ఇచ్చాడు. ఇచ్చి, బల్ల మీద కాస్త చోటు అడిగాడు.

"బల్ల ఆరుగురికే కదా గవర్రాజూ. ఏడోవాడు కూర్చుంటే కాళ్లు ఊడతాయి. వడ్రంగిని పిలిపించి సాగదీయిస్తాంలే" అన్నారు.

మరుసటేడు అడిగితే వడ్రంగి ఊళ్లో లేడన్నారు. ఆ పైయేడు టేకు దొరకట్లేదన్నారు. పేటలో వడ్రంగి మాస్టారి నాన్నగారు వీరాచారే. ఆయన ఇల్లు సత్రానికి ఎదురుగా, పది అడుగుల దూరం. పదేళ్లలో ఆయన్ని ఒక్కరూ పిలవలేదు.

ఇక గవర్రాజు అడగడం మానేశాడు. వీధి రెండో చివర పెంకుల షెడ్డు వేశాడు. అజ్జరం వెళ్లి, బండ్లకెత్తి ఇత్తడి సామాను తెచ్చాడు. ప్రతి గిన్నె మీదా వాళ్ల నాన్న పేరు చుక్కలతో చెక్కించాడు. ఎవరైనా వస్తే తనే తలుపు తీసి, చేతులు పైకి మడిచి, తనే సామాను బండికెత్తేవాడు. ఒక్క ప్రశ్నా వేసేవాడు కాదు. "ఎన్ని స్వీట్లు కావాలంటే అన్ని చేసుకోండిరా. మూకుళ్లు నాలుగున్నాయి" అనేవాడు.

మాస్టారి పెద్దక్క పెళ్లి ఆ సామానుతోనే అయింది. ఐదు స్వీట్లు. వీరాచారి ఆ రోజు బంతి మొదటి నుంచి చివరి దాకా నడుస్తూ, ప్రతి విస్తరి దగ్గరా ఆగి, "ఇంకో బూరె వెయ్యి, ఇంకోటి వెయ్యి" అంటూనే ఉన్నాడు. ఆయన అలా గొంతెత్తి మాట్లాడటం మాస్టారు చూసింది అదే మొదలు, అదే ఆఖరు కూడా.

ఆ తర్వాత ఏడాదికి గవర్రాజు వీరాచారిని పిలిపించాడు.

"ఆచారీ, షెడ్డులోకి బల్ల ఒకటి కావాలి."

"ఎంత పొడుగు?"

"సత్రంలో ఉన్నదంత. సరిగ్గా దానంత. అవే కాళ్లు, అదే అంచు. వెళ్లి కొలత తెచ్చుకో."

"ఆరుగురికా? మీరొక్కరే కదా ఉంటారు. మిగతా ఐదుగురూ ఎవరు?"

గవర్రాజు చాలాసేపు వీధి ఆ చివరకేసి చూశాడు. "ముందు చెయ్యి. వస్తారు," అన్నాడు.

వీరాచారి తాడు పట్టుకెళ్లి సత్రంలో పాత బల్ల మీద పరిచి, ముళ్లేసి కొలత తెచ్చాడు. పెద్దలు కూర్చునే ఉన్నారు, కాస్త పక్కకి జరిగి కొలుచుకోనిచ్చారు కూడా. కొత్త బల్ల తయారైంది. అచ్చం అదే.

బల్ల వచ్చాక గవర్రాజు కూర్చోవడం మొదలుపెట్టాడు. పగలంతా మగ్గాల మధ్య తిరిగిన మనిషి, కూర్చోక ఏం చేస్తాడు. ఆయన కూర్చుంటే వచ్చినవాళ్లు నిలబడ్డారు. వాళ్లు అలా ఎదురుగా నిలబడితే ఏదో ఒకటి అడగాలి కదా. ఎంతమంది వస్తున్నార్రా అని అడిగాడు. ఇంకోసారి, మగపెళ్లివారిది ఏ ఊరు అన్నాడు. ఎవరూ ఆయనకి నేర్పలేదు, ఆయనా ఏదీ అనుకుని చెయ్యలేదు.

నాలుగేళ్లకి మాస్టారి రెండో అక్క పెళ్లి కుదిరింది. సామాను కోసం వీరాచారి షెడ్డుకి వెళ్లాడు, పక్కన పద్దెనిమిదేళ్ల మాస్టారు. బల్ల మీద గవర్రాజు ఒక్కడే, ఒక కొసన. మిగతా ఐదు చోట్లూ ఖాళీ. తుడిచి, మెరుస్తూ ఉన్నాయి.

"ఎన్ని స్వీట్లు ఆచారీ?"

"మూడు అనుకుంటున్నామండి."

"రెండు చాలవా? మొన్న పెద్దదాని పెళ్లికే బాగా పెట్టుకున్నావు," అన్నాడు గవర్రాజు. పాపం, మంచికే అన్నాడు.

అని, ఆగిపోయాడు. ఆయన చూపు వీరాచారి చేతుల మీద పడింది. వీరాచారి తనకి తెలియకుండానే భుజం మీది తువ్వాలు తీసి చేత్తో పట్టుకుని ఉన్నాడు.

గవర్రాజు లేచాడు. "రా ఆచారీ, కూర్చో" అన్నాడు.

"ఫర్వాలేదులెండి బాబూ. ఇది చేసింది నేనే. ఇందులో నాకు చోటు కొలవలేదు," అన్నాడు వీరాచారి. కోపంగా కాదు, పని గురించి చెప్పినట్టే చెప్పాడు.

ఆ రోజు నాలుగు మూకుళ్లూ గవర్రాజు తనే మోసుకొచ్చి బండికెత్తాడు. బల్లని మాత్రం తియ్యలేదు.

"ఎందుకు తియ్యలేదు?" అని అడిగింది హేమనళిని.

"అది పేటవాళ్ల కోసం చేయించింది కాదు కదమ్మా. సత్రంలో ఉన్న ఆ పెద్దల కోసం. ఒకరోజు వాళ్లే నడిచొచ్చి, తన బల్ల చూసి, తన పక్కన కూర్చుంటారని ఆయన ఆశ. రోజూ సాయంత్రం ఉతికిన లాల్చీ వేసుకుని, ఐదు చోట్లూ తనే తుడిచి, వీధి ఆ చివరకేసి చూస్తూ కూర్చునేవాడు. పోయేదాకా చూశాడు. ఒక్కరూ రాలేదు. ఇటు పేటలో ఏ మనిషిని కూర్చోమన్నా నవ్వుతూ కూర్చునేవాడు. మా నాన్నతో ఆ ఒక్కసారి అన్నది తప్ప, ఎవరికీ ఎన్నడూ ఆ మాట చెప్పలేదు."

హేమనళిని బ్యాగు ఒళ్లోకి తీసుకుంది. అందులో రెండు కాయితాల కట్టలున్నాయి, ఒకే పిన్నుతో గుచ్చినవి. ఒకటి పాత సంస్థ నియమావళి, అంచుల్లో పెన్సిల్ గీతలు. రెండోది తను రాసింది. మొదటిదాన్ని పక్కన పెట్టుకునే రాసింది, పేరా తర్వాత పేరా. చాలాచోట్ల పేరు ఒక్కటే మారింది. ఆ కుర్చీ దగ్గర ఆగింది కానీ, ఆ కుర్చీ ఉన్న గది కూడా అదే గది అని ఇప్పటిదాకా తోచలేదు. ఆ గదిలోకి ఎవరొస్తారని తను ఇన్నాళ్లూ ఎదురు చూస్తోందో కూడా.

"అయితే కట్టొద్దంటారా మాస్టారూ?" అంది చివరికి, నెమ్మదిగా.

"మా పెద్దక్క పెళ్లిలో బూరెలు తిన్నవాణ్ణి, నేనెలా వద్దంటాను," అన్నారు మాస్టారు. "ఆ రుచి ఇంకా నాలిక మీదుంది."

సుభద్రమ్మగారు కంచాలు పెట్టానని పిలిచింది. మాస్టారు గోడ పట్టుకుని లేచి, గూట్లో ఖాళీ గ్లాసు తీసుకుని, గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగారు.

"మా నాన్న మాత్రం ఆఖరి రోజుల్లో ఒకటే అనుకునేవాడు హేమా. కొలతకి తాడు పట్టుకుని సత్రానికి వెళ్లకుండా ఉండాల్సిందని."